ఆప్షనల్ ఎంచుకునే ముందు

(కోకాపేటలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బీఈడీ చదివి గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నాను. సివిల్స్ రాసినదాన్ని కాదు. కానీ మా హాస్టల్లో చదివిన ఒక కోయ అమ్మాయికి నేనిచ్చిన సలహా తప్పయింది. అది చెప్పడానికే వచ్చాను.

ఆ అమ్మాయి డిగ్రీలో తెలుగు సాహిత్యాన్ని ఇష్టంగా చదివింది. "మేడం, ఆప్షనల్ ఏం తీసుకోను?" అని అడిగింది. "ఆంత్రోపాలజీ తీసుకో అమ్మా, అందులో ఉన్నది మన బతుకే కదా" అన్నాను. 2017 సివిల్స్‌లో మొదటి ర్యాంకు వచ్చిన మెట్‌పల్లి అనుదీప్ ఆప్షనల్ అదేనని విన్నాను. అంతకుమించి నాకేమీ తెలియదు.

ఒకే గట్టు వాళ్లు పెళ్లి చేసుకోకూడదని ఆమెకు వాళ్ల అమ్మమ్మే చెప్పింది. పరీక్షలో మాత్రం దాన్ని బహిర్వివాహం అనాలి, ఏ పండితుడు ఏమన్నాడో రాయాలి. పైగా జన్యుశాస్త్రం, మానవ పరిణామం కూడా చదవాలి. ఆమె రాసేది తెలుగులో, దొరికిన పుస్తకాలేమో ఇంగ్లీషులో. రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి, రెండుసార్లూ ఆప్షనల్ దగ్గరే ఆగిపోయింది. "మేడం, మన గురించిన పుస్తకమే నాకు అర్థం కాలేదు" అంది. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

మెయిన్స్‌లో లెక్కలోకి వచ్చే 1750 మార్కుల్లో ఆప్షనల్‌వి 500. 2013 నుంచి ఆప్షనల్ ఒక్కటే. అది దెబ్బతింటే ఆదుకోవడానికి రెండోది లేదు. తెలుగు సాహిత్యం తీసుకుని, తెలుగులోనే రాసిన సిక్కోలు రోణంకి గోపాలకృష్ణకు 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు వచ్చింది. కాబట్టి ర్యాంకు వచ్చినవాళ్ల సబ్జెక్టు చూడకండి, మీరు ఏది రాయగలరో చూడండి.

ఒక నెల ఈ మూడు పనులు చేయండి. రెండు పేపర్ల సిలబస్‌నూ చేత్తో రాసుకోండి. పాత ప్రశ్నల్లో పదింటికి గడియారం పెట్టుకుని జవాబులు రాయండి. మీరు రాసే భాషలో పుస్తకాలున్నాయా, దిద్దేవాళ్లున్నారా అని కనుక్కోండి. గ్రూప్‌-1 కూడా రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ ఆప్షనల్ లేదు.

మన సంఘానికీ ఒక పని ఉంది. సంతాలీ, బోడో భాషలు 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూల్లో చేరాయి. ఆ పిల్లలు తమ భాషా సాహిత్యాన్నే ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. గోండీకి, కోయకు, లంబాడీకి ఆ దారి ఇంకా లేదు. అడగాల్సింది మనమే.

ఎస్టీలకు 37 ఏళ్ల దాకా ఎన్నిసార్లయినా రాసే వీలుందని ధీమా పడకండి. నాన్న అమ్మిన మేకలకు ఇంట్లో లెక్క ఉంటుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇక్కడే రాత్రి షిఫ్టు చేస్తూ తెలుగు సాహిత్యంతో మళ్లీ చదువుతోంది. ఈసారి ఎంచుకున్నది తనే. ఆదివారాలు ఆమె జవాబులు దిద్దడం ఒక్కటే నా పని.