దేశాల దోస్తీ - మన ఇంటి ముచ్చట
(ఇబ్రహీంపట్నం మహిళల చదువు కేంద్రంలో చెప్పిన మాటలు)



మొన్న సాయంత్రం చదువు అయిపోయినంక ఒక అక్క ఆగింది. నన్ను ఒక మాట అడిగింది.

"టీచరమ్మా, మా పిల్లగాడు ఇంజనీరింగు అయిపోతే అమెరికా పోతనంటున్నడు. దానికి ఎకరం భూమి తాకట్టు పెట్టాలె. అక్కడ పెద్దాయన మారిండంట గదా. మనోళ్ళను రానిస్తలేరంట. భూమి పెట్టాల్నా, వద్దా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఎకరమే. నేను పిల్లలకు పాఠాలు చెప్పే ట్రైనింగు చేశాను గానీ, ఈ పాఠం అందులో లేదు. అందుకని పేపర్లు తిరగేశాను. నాకు అర్థమైనంత వరకు ఈ రోజు చెబుతాను.

మన దేశం, అమెరికా, రెండూ పెద్ద ప్రజాస్వామ్య దేశాలు. అంటే జనం ఓట్లేసి నాయకులను ఎన్నుకుంటారు. మన దగ్గర లోక్‌సభకు 5 ఏండ్లకొకసారి ఎన్నికలు. ఎక్కువమంది ఎంపీల మద్దతు ఉన్నవారు ప్రధానమంత్రి అవుతారు. అమెరికాలో 4 ఏండ్లకొకసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. జనవరి 20న కొత్త అధ్యక్షుడు గద్దె ఎక్కుతాడు.

దేశానికి దేశానికి మధ్య మాటలు నడపడానికి రాయబారి ఉంటాడు. శ్రీకృష్ణ రాయబారం నాటకం మీరు చూసే ఉంటారు. పాండవుల మాట కృష్ణుడు కౌరవుల సభకు మోసుకుపోయాడు గదా! అట్లాగే మన రాయబారి వాషింగ్టన్‌లో ఉంటాడు. వాళ్ళ రాయబారి ఢిల్లీలో ఉంటాడు. నాయకుడు మారినా ఆ ఆఫీసుకు తాళం పడదు.

మరి నాయకుడు మారితే ఏం మారుతుంది? మన ఊరి సంగతే చూడండి. సర్పంచి మారితే పంచాయతీ చట్టం మారదు. ఇంటి నంబర్ల రిజిస్టరు మారదు. కానీ బోరు ఏ వాడలో వేయాలి, ఎవరి మాట వినాలి అన్నది మారుతుంది. దేశాల మధ్య కూడా కొంత అంతే. చట్టం, ఒప్పందం నిలబడతాయి. ఉత్తర్వు మాత్రం ఒక్క సంతకంతో వస్తుంది, ఒక్క సంతకంతో పోతుంది.

మన పెద్దవాళ్ళకు రేషన్‌లో ఇచ్చిన అమెరికా గోధుమలు యాదికుండవచ్చు. 1965, 1966లలో వరుసగా కరువు వచ్చింది. దేశంలో తిండిగింజలు చాలలేదు. ఒక ఒప్పందం కింద అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు వచ్చేవి. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయారు. ఇందిరాగాంధీ ప్రధాని అయ్యారు. మార్చిలో ఆమె అమెరికా పోయి అధ్యక్షుడు జాన్సన్‌తో మాట్లాడి వచ్చారు. మాటలు బాగానే జరిగినయి. తర్వాత వియత్నాం మీద అమెరికా బాంబులు వేయడం ఆపాలని మన దేశం అన్నది. జాన్సన్‌కు అది నచ్చలేదు. గోధుమలు ఒక్కసారి పంపకుండా కొంచెం కొంచెంగా వదిలాడు. ఓడ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడవలసి వచ్చింది. ఒప్పందం ఉన్నది, అయినా గింజ ఆయన చేతిలో ఉన్నది! మన గింజ మనమే పండించుకోవాలన్న పట్టుదల ఆ రోజుల్లో బాగా పెరిగింది.

ఇప్పుడు ఇంకో తీరు సంగతి. 1998 మేలో మన దేశం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేసింది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ మన మీద ఆంక్షలు పెట్టాడు. ఆంక్షలంటే, ఫలానా సామాను అమ్మం, ఫలానా సాయం చేయం అని కట్టడి చేయడం. ఆ క్లింటనే 2000 మార్చిలో హైదరాబాద్ వచ్చి హైటెక్ సిటీలో మాట్లాడాడు. 2001లో అక్కడ బుష్ వచ్చాడు. ఆ ఏడాదే ఆంక్షలు తీసేశాడు. 2004లో ఇక్కడ వాజ్‌పేయి గారు పోయి మన్మోహన్ సింగ్ గారు వచ్చారు. అటు మారారు, ఇటు మారారు. అయినా పని ఆగలేదు. 2008లో రెండు దేశాలు అణు ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

ఆ మధ్యలోనే, 2006 మార్చిలో, బుష్ మన రంగారెడ్డి జిల్లాకే వచ్చాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చూశాడు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేటు పెడతామని చెప్పాడు. కాన్సులేటు అంటే వీసాలు ఇచ్చే ఆఫీసు. అది 2008లో బేగంపేటలో మొదలైంది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. అంతకు ముందు మనవాళ్ళు వీసా కోసం చెన్నై రైలు ఎక్కేవాళ్ళు.

దోస్తీ ఇంకా దగ్గరకు కూడా వచ్చింది. మన పక్కనే ఆదిభట్ల ఉన్నది గదా. అక్కడి ఫ్యాక్టరీల్లో టాటా వాళ్ళు అమెరికా కంపెనీలతో కలిసి పని చేస్తున్నారు. సి-130జె అనే పెద్ద విమానానికి తోక భాగాలు అక్కడ తయారవుతాయి. 2018లో తెరిచిన ఇంకో ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ బాడీలు చేస్తారు. అపాచీ యుద్ధానికి వాడేది. అది నాకు అంత సంతోషమైన సంగతి కాదు. కానీ దాని మీద బతికే ఇండ్లు మన చుట్టుపక్కల ఉన్నాయి. వాషింగ్టన్‌కు, ఢిల్లీకి మాట చెడితే ఆ ఇండ్లల్లో నిద్ర పట్టదు.

ఇక 2025 సంగతి. ఆ ఏడు జనవరి 20న ట్రంప్ రెండోసారి అధ్యక్షుడయ్యాడు. మన ప్రధాని మోదీతో దోస్తీ ఉన్నదని అందరూ అనుకున్నారు. మొదటిసారి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు 2020లో అహ్మదాబాద్ వచ్చి పెద్ద సభ చేసినవాడే. కానీ 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలా వాటి మీద సుంకం 50 శాతం అయింది. మనం రష్యా నుంచి నూనె, అంటే పెట్రోలుకు వాడే ముడినూనె, కొంటున్నామని అందులో సగం వేశాడు. 100 రూపాయల సరుకు అక్కడి ఓడరేవులో దిగితే, కొన్నవాడు 50 రూపాయలు సర్కారుకు కట్టాలి. ఆంధ్రలో రొయ్యల చెరువుల రైతులు తల పట్టుకున్నారు. 2026 ఫిబ్రవరిలో దాన్ని 18 శాతానికి తగ్గిస్తున్నామని ట్రంప్ ప్రకటించాడు. చూశారా, ఆరు నెలల్లో ఎన్ని మాటలో! అందుకే పేపరు చదివేటప్పుడు ముందు పైన తేదీ చూడండి.

పిల్లల సంగతికి వద్దాం. 2025 మే చివర్లో విద్యార్థి వీసాల కోసం కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపారు. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. పిల్లలు ఫోన్లలో ఏం రాస్తున్నారో కూడా చూస్తామన్నారు. సెప్టెంబరులో హెచ్-1బి వీసా మీద ఉత్తర్వు వచ్చింది. అది అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా. 1990లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చింది. చట్టం అట్లాగే ఉన్నది. కానీ బయటి దేశం నుంచి కొత్తగా పిలిపించుకునే మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ఉత్తర్వు చెప్పింది. పలకలు తీయండి. అప్పుడు డాలరుకు సుమారు 88 రూపాయలు. లక్ష పక్కన 88 పెట్టి గుణించండి. 88,00,000. ఎనభై ఎనిమిది లక్షలు! ఇప్పటికే ఆ వీసా ఉన్నవాళ్ళకు ఇది పడదని తర్వాత చెప్పారు. అక్కడే చదువుకుని, అక్కడే ఉండి ఉద్యోగ వీసాకు మారేవాళ్ళకూ పడదన్నారు. కానీ ఆ మాట వచ్చేలోపల ఎన్ని ఇండ్లల్లో పొయ్యి వెలగలేదో!

ఇప్పుడు ఆ అక్క ప్రశ్న. "పిల్లగాణ్ణి రానిస్తలేరు" అన్నది పూర్తిగా నిజం కాదు. చదువుకు వీసాలు ఇస్తున్నారు. కానీ చదువు అయినంక ఉద్యోగం దొరికి అప్పు తీరుతుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. రెండేండ్ల చదువులో ఎన్ని ఉత్తర్వులు మారుతాయో ఎవరు చెప్పగలరు? నా మటుకు నేనైతే ఎకరం మొత్తం పెట్టను. ఇది నా మాట. మీలో వేరేగా అనుకునేవాళ్ళు ఉంటే చెప్పండి.

"నాకు అప్పు కాగితం మీద ఏమున్నదో కూడా తెల్వదు టీచరమ్మా, ఏజెంటు వేలు పెట్టమన్న కాడ పెట్టుమన్నడు" అన్నది ఆ అక్క. ఇప్పుడు ఆమెకు సంతకం వచ్చు, చదవడం వచ్చు. రేపు ఆ కాగితం తెస్తానన్నది. వడ్డీ ఎంత, ఎన్నేండ్లకు, ఏ సర్వే నంబరు రాశారు, పిల్లవాడికి వీసా రాకపోతే కట్టిన పైసలు వాపసు ఇస్తారా అన్నవి వెతుకుదాం. అక్షరాలు చిన్నగా ఉంటాయి. కండ్లద్దాలు ఉన్నవాళ్ళు మరిచిపోకుండా తెచ్చుకోండి.