మంచినీటి చేప ఉప్పునీటికి వచ్చిన కథ

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షాఫలితములను చదివి వినిపించుట వాడుక. ఆ పట్టికలు మీ చేతులలోనే యున్నవి గావున, నేడు మీకొక చేప సంగతి చెప్పదలచితిని. అందు నా తప్పిదమును కలదు. దానిని మీ యెదుట ఒప్పుకొనుట నా విధి.

మన యేడవ తరగతి బాలుడొకడు నిరుడు బరంపురములో రెండు చిన్న చేపలను కొనెను. ఆకుపచ్చని వన్నె, వీపుపై నల్లని చుక్కలు. బెదరినచో నీటిని మ్రింగి పొట్టను బంతివలె ఉబ్బించుకొనును. ఆంగ్లేయులు వీనిని పఫర్ చేపలందురు. అంగడివాడు మంచినీటి చేపలని చెప్పి అమ్మెను. నాలుగు నెలలు బాగుగనే యుండెను. పిమ్మట రంగు మాసి, మేత తగ్గి, తొట్టి మూలను పడియుండసాగెను. బాలుడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, నా చేపలకు జబ్బు చేసింది, ఏం చేయమంటారు?" అని యడిగెను.

నేను పుస్తకము తిరుగవేసి, అవి నదులు సముద్రమున కలియుచోట ఉప్పనీటిలో పెరుగు జాతియని తెలిసికొంటిని. అంతవరకు సరియే. కాని తొందరపడి, "వీని యిల్లు సముద్రము. గోపాలపురము నుండి నీరు తెచ్చి పోయుము" అని చెప్పితిని. గురువు మాటను నమ్మి, తండ్రి ఆదివారమునాడు రెండు డబ్బాల సముద్రజలము తెచ్చెను. అందొక చేపను వదలిరి. చోటు చాలక రెండవది పాత తొట్టిలోనే యుండెను. తెల్లవారుసరికి సముద్రజలములోని చేప మరణించెను.

సోమవారము బాలుడు బడికి వచ్చి నన్ను నిందింపలేదు. "ఇంటికి పంపితే ఎందుకు చచ్చిపోయింది మాస్టారూ?" అని మాత్రము అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇద్దరమును కలసి వెదకితిమి. తెలిసినది మీకు విన్నవించెదను.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. చేప రక్తములోని ఉప్పు అందు సుమారు మూడవ వంతు మాత్రమే. మంచినీటిలో నున్నప్పుడు బయటి నీరు మొప్పల గుండ లోనికి చొచ్చును. మూత్రపిండములు దానిని రేయింబవళ్ళు తోడిపోయును. ఉప్పునీటిలో ఇది తలక్రిందులు. నీరు శరీరమునుండి బయటకు లాగబడును. నీటి నడుమ నుండియు చేప దప్పికతో చచ్చును. కావున అది సముద్రజలమును త్రాగి, మిగులు ఉప్పును వెడలగొట్టవలెను. సముద్రపు చేపలు నీరు త్రాగునని 1930 లో అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు హోమర్ స్మిత్ చూపెను. ఉప్పును వెడలగొట్టు కణములను 1932 లో కీస్, విల్మర్ అనువారు ఈల్ చేప మొప్పలలో గుర్తించిరి. మంచినీటికి అలవాటుపడిన చేపలో ఈ యేర్పాటు పూర్తిగ సిద్ధమగుటకు దినములు పట్టును. మేము దానికొక రాత్రి యైనను గడువీయలేదు.

ఋషికుల్య మొగలో పోటుకు పాటుకు నీరు మారుచుండగా అక్కడి చేపలు చావవేమి యని మీరడుగవచ్చును. మొగవద్ద నీరు ఉప్పన, ఏటిపైకి పోయినకొలది చప్పన. చేప తనకు తగిన చోటికి ఈదిపోవును. మార్పునకు దాని శరీరమును అలవాటుపడి యుండును. తొట్టిలోని చేపకు పోవుటకు చోటు లేదు. మనము పోసినదే దాని లోకము.

ఇంకొక సంగతి. చేప విసర్జించు అమోనియా విషమును తొట్టిలోని సూక్ష్మజీవులు అంత హాని చేయని నైట్రేటుగ మార్చును. డబ్బాలో తెచ్చిన నీటిలో ఆ రక్షణ చాలదు. పాత తొట్టిలోనైనను ఉప్పును ఒక్కమారుగ పెంచినచో ఆ జీవులు దెబ్బతినును.

అట్లయిన మంచినీటిలోనే ఉంచరాదా యని ఒక తండ్రి యడిగిరి. దానికి మన చిలక సరస్సే సాక్ష్యము. మొగ పూడి ఉప్పుదనము తగ్గగా మంచినీటి కలుపు పెరిగి, చేపల రాబడి పడిపోయెను. 1993 లో ఆ సరస్సు ప్రమాదమున నున్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టిక కెక్కెను. 2000 సెప్టెంబరులో క్రొత్త మొగ తెరచిన పిమ్మట ఉప్పును చేపలును మరల వచ్చెను. 2002 లో ఆ పట్టికనుండి చిలక పేరు తొలగెను. ఉప్పు కావలసిన ప్రాణికి ఉప్పు కావలసినదే. ఇచ్చు తీరులోనే మెలకువ యున్నది.

రెండవ చేపకు మేము చేసినది ఇది. వంటయింటి ఉప్పు వాడలేదు. హుమ్మా ప్రాంతపు ఉప్పుమళ్ళను మీరెరుగుదురు. మడిలో గట్టిపడునది చాలవరకు సోడియం క్లోరైడు మాత్రమే, సముద్రములోని మెగ్నీషియము మొదలగునవి చేదునీటితో పోవును. కావున చేపల తొట్టికై అమ్ము సముద్ర లవణమును తెప్పించితిమి. హైడ్రోమీటరుతో నీటి విశిష్ట గురుత్వమును కొలిచితిమి. మంచినీటిది 1.000, సముద్రజలముది సుమారు 1.025. ప్రతి ఆదివారము తొట్టిలో నాలుగవ వంతు నీరు తీసి, ఉప్పు కరగించిన క్రొత్త నీరు పోసి, వారమునకు 0.002 మించకుండ పెంచితిమి. తొట్టి మొత్తముపై లీటరునకు సుమారు 3 గ్రాములు. తీసివేసిన నీటితో పోయిన ఉప్పు దీనికి అదనము. ఆ లెక్క బాలుడే కట్టెను. ఎండకు నీరు ఆవిరియగును గాని ఉప్పు కాదు గావున, తగ్గినచోట మంచినీరే పోసెను. తొమ్మిది ఆదివారములకు 1.018 వచ్చెను. ఐదవ వారముననే చేప రంగు తేరెను. నేడది నత్తగుల్లలను పటపట కొరుకుచున్నది. ఎదుగుచుండు పండ్లు అరుగుటకు అట్టి గట్టి మేతయే కావలెను.

తలిదండ్రులకు రెండు హెచ్చరికలు. ఈ జాతి చేపలలో వండినను పోని విషముండును గావున తినరాదు. పెంచలేకపోయినను ఏటిలోగాని చెరువులోగాని వదలరాదు. అంగడి చేపతో తెగుళ్ళును పోవును.

బాలుడు ప్రతి వారపు కొలతలను తెలుగున ఒక నోటుబుక్కులో వ్రాసియున్నాడు. బయట బల్లపై నున్నది, చూడుడు. మొదటి పుటలో "మాస్టారు చెప్పినట్టు చేశాము. చేప చచ్చిపోయింది" అని యున్నది. ప్రదర్శనకు ముందు అతడు దానిని కొట్టివేయబోగా నేనే వారించితిని. మీ బిడ్డలు ప్రశ్న అడిగినప్పుడు తెలియనిచో, "తెలియదు, కలసి చూతము" అనుడు. నేనా మాట ఒక్క వారము ముందు అనియున్నచో నేడు తొట్టిలో రెండు చేప లుండెడివి.