వినికిడి పరీక్ష పేదవాని గడప దాకా రావాలి
(నరసాపురం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సభలో చెవుల గురించి మాట్లాడడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. మనం ఈ వేదికలపై రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. ఉపకార వేతనాల గురించి, వక్ఫు ఆస్తుల గురించి, ఉర్దూ బడుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. అయితే బడిలో మూడో వరుసలో కూర్చున్న పిల్లవానికి ఉపాధ్యాయుని మాట సగమే వినిపిస్తూంటే, ఆ పిల్లవానికి ఉపకార వేతనం ఏ మేరకు ఉపకరిస్తుంది? వాడు మొద్దని ఇంట్లోవారు అనుకుంటారు, అల్లరివాడని బడిలో అనుకుంటారు. నాలుగేళ్ల తరువాత చదువు మానిపించి మెకానిక్ షెడ్డులో చేరుస్తారు. వాని చెవిని పరీక్షించినవారు మాత్రం ఉండరు. అందుచేత వినికిడి పరీక్ష అందుబాటులో ఉండడమన్నది విద్యాహక్కులోనూ, ఉపాధి హక్కులోనూ భాగమని మనవి చేస్తున్నాను.

ఈ సమస్య చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉన్నది. వారిలో 43 కోట్ల మందికి చికిత్సో, పరికరమో, శిక్షణో తప్పనిసరి. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో 60 శాతం నివారించగలిగినదేనని అదే సంస్థ చెబుతున్నది. కుంటితనం కంటికి కనబడుతుంది, గుడ్డితనం కంటికి కనబడుతుంది, చెవుడు కనబడదు. పైగా మన భాష కూడా దానిని పరిహాసంగానే చూసింది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లని సామెత చెప్పుకొని నవ్వుకుంటాం. ఆ నవ్వుకు జడిసే ఎందరో తమ లోపాన్ని దాచుకుంటున్నారు.

మన డెల్టాలో చెవులు చెడడానికి కారణాలు మన బ్రతుకులోనే ఉన్నాయి. మొదటిది చెవిలో చీము కారడం. జలుబు చేసిన పసివానికి ముక్కు వెనుక నుండి మధ్యచెవికి సోకు చేరుతుంది. చీము పట్టి కర్ణభేరి చిల్లు పడుతుంది. చిల్లు పడిన చెవితో చెరువులోనో, కాలువలోనో మునిగితే సోకు తిరగబెడుతుంది. ఉక్కపోత వలన చెవిలో బూజు పట్టడం కూడా ఈ ప్రాంతంలో సాధారణమే. చీము కారడం పిల్లలకు మామూలే, పెరిగితే పోతుందని ఊరుకోవడం ప్రమాదకరం. దుర్వాసనతో కూడిన చీము ఏళ్ల తరబడి కారితే ఎముక తిని, మెదడు దాకా సోకు పాకిన సందర్భాలు వైద్యశాస్త్రంలో ఉన్నాయి.

రెండవది చప్పుడు. సచార్ కమిటీ 2006లో చెప్పిన విషయాలలో ఒకటి, ముస్లిములు ఎక్కువగా స్వయం ఉపాధిలోనూ అసంఘటిత పనులలోనూ ఉన్నారని. వెల్డింగు, లేతు మిషన్లు, బాడీ బిల్డింగు, రైస్ మిల్లులు, బోట్ల ఇంజన్లు, ఇవీ మన కుర్రవాళ్ల పనిచోట్లు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు ఉండడమే హద్దు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ హద్దు సగానికి, అంటే 4 గంటలకు పడిపోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక చెవిలో ఈల మోగినట్లు ఉంటే అది హెచ్చరిక. చప్పుడు వలన లోపలి చెవిలో చచ్చిన కణాలు మళ్లీ మొలవవు. చెవిలో పెట్టుకునే రబ్బరు బిరడాల ఖర్చు బహు స్వల్పం.

మూడవది మందులు. జెంటామైసిన్ వంటి కొన్ని సూదిమందులు, క్షయకు వాడే కొన్ని సూదిమందులు వినికిడిని దెబ్బతీయగలవు. వాడవలసి వచ్చినప్పుడు వాడవలసిందే. కాని మధ్యలో వినికిడి పరీక్ష చేయమని అడగడం రోగి హక్కు.

నాలుగవ విషయం కొంచెం సున్నితమైనది. దగ్గరి చుట్టరికాలలో పెళ్లిళ్లు ఆంధ్రదేశంలో అన్ని మతాలలోనూ ఉన్నాయి. మేనరికమైనా, పెదనాన్న చిన్నాన్న బిడ్డల మధ్య సంబంధమైనా పుట్టు చెవుడు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. కుటుంబంలో ఇదివరకే పుట్టు చెవుడు ఉన్నవారుంటే, సంబంధం కలుపుకునే ముందు వైద్యుని సలహా తీసుకోవడం వివేకం. అలాగే గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు రావచ్చు. మన రాష్ట్రంలో 2017లో తట్టు, రుబెల్లా టీకా ప్రచారోద్యమం జరిగింది. ఆనాటి నుండి ఆ టీకాను 9 నెలలు నిండగానే ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరొకసారి ఉచితంగా వేస్తున్నారు. టీకాల మీద వదంతులు నమ్మి ఆ రెండు మోతాదులు ఎగవేయడం మన ఆడపిల్లల రేపటి బిడ్డలకు అన్యాయం చేయడమే.

ఇక చేయకూడని పనులు. చెవిలో కాగిన నూనె, వెల్లుల్లి నూనె, ఆకుపసరు పోయకండి. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది చుట్టిన పుల్ల పెట్టి తిప్పకండి. గులిమి మురికి కాదు, చెవిని కాపాడే మైనం. అది గట్టిపడి అడ్డుపడితే వైద్యుడు కొద్ది నిమిషాలలో తీస్తాడు. దారిన పోయే చెవి శుభ్రం చేసేవారికి పసిపిల్లల చెవి అప్పగించకండి. మరొక ముఖ్యమైన మాట: రాత్రి బాగా విన్న మనిషికి తెల్లవారేసరికి ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే అది అత్యవసరం. మూడు రోజులు దాటకుండా చెవి వైద్యుని చేరాలి. గులిమి అయి ఉంటుందిలే అని వారాలు గడిపితే తిరిగి రావలసిన వినికిడి రాకుండా పోవచ్చు.

పరీక్ష అంటే భయపడవలసినది లేదు. ఏ పరీక్షలోనూ నొప్పి ఉండదు. శ్రుతిదండం మీటి చెవి దగ్గర, చెవి వెనుక ఎముక మీద పెట్టి చూడడం మొదటి మెట్టు. లోపం మధ్యచెవిదా, లోపలి చెవిదా అన్నది దానితోనే చాలావరకు తెలుస్తుంది. తరువాత ఆడియోమెట్రీ: నిశ్శబ్దమైన గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని మోతలు వినిపించినప్పుడల్లా మీట నొక్కమంటారు. దాని ఫలితం ఆడియోగ్రామ్ అనే కాగితం మీద గీతగా వస్తుంది. 20 డెసిబెల్స్ లోపు మోత వినగలిగితే మామూలు చెవి. మీట నొక్కడం తెలియని పసిపిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు ఉన్నాయి. బిడ్డ నిద్రపోతుండగానే యంత్రం చెవి స్పందనను చదువుతుంది. నెల నిండేలోగా పరీక్ష, మూడు నెలల లోగా నిర్ధారణ, ఆరు నెలల లోగా చికిత్స ఆరంభం కావాలన్నది అంతటా అంగీకరించిన నియమం. మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాం. ఆ చెవి వింటున్నదా లేదా అని నెలలోపు తెలుసుకోవడం కూడా మన బాధ్యతగా చేసుకుందాం. ఏడాది నిండినా అమ్మీ అని గాని, అబ్బా అని గాని అనని బిడ్డను, మూగనోము పట్టాడని వదిలివేయకండి. మాట రాకపోవడానికి తరచుగా మూలం వినబడకపోవడమే.

ఇప్పుడు అసలు ప్రశ్న: డబ్బు లేనివాడు ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు ఊళ్లోని ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 2007లో కేంద్ర ప్రభుత్వం చెవుడు నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ప్రాథమిక కేంద్రాలకు చెవి పరీక్ష పరికరాలు ఇవ్వడం, జిల్లా ఆసుపత్రులలో చెవి వైద్యునికి తోడు వినికిడి పరీక్షకులను ఏర్పరచడం దాని ఉద్దేశాలు. అంగన్వాడీ, ప్రభుత్వ బడి పిల్లలకు 2013 నుండి అమలవుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. ఆ బృందం బడికి వచ్చినప్పుడు చెవులు కూడా చూడాలి. పుట్టు చెవుడు, మధ్యచెవి సోకు ఆ జాబితాలోనే ఉన్నాయి.

రెండవ మెట్టు మన నరసాపురం ఏరియా ఆసుపత్రి. ఓపీ చీటీ తీసుకునే చోటనే, చెవి ముక్కు గొంతు వైద్యుడు ఏ రోజులలో చూస్తారు, ఆడియోమెట్రీ ఇక్కడ జరుగుతుందా అని అడగండి. జరగదంటే, ఎక్కడ జరుగుతుందో రాసి, రిఫరల్ చీటీ ఇమ్మనండి. నోటిమాటతో తిరిగి రాకండి. మూడవ మెట్టు బోధనాసుపత్రులు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రి అందరికీ తెలిసినదే. ఏలూరు, రాజమహేంద్రవరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి.

నాలుగవ మెట్టు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం. నరసాపురంలో సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగవచ్చు. అలీ యావర్ జంగ్ హైదరాబాదీ. ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపాధ్యక్షులుగా, దేశానికి రాయబారిగా, మహారాష్ట్రకు గవర్నరుగా పని చేసినవారు. 1983లో ముంబయిలో వినికిడి లోపమున్నవారి కోసం స్థాపించిన జాతీయ సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆ పేరు తలచుకొని గర్వపడడంతో సరిపెట్టుకోక, ఆ సంస్థ సేవలను మన పిల్లలకు అందించుకోవాలి.

వినికిడి యంత్రాల దుకాణాలవారు ఉచిత పరీక్షలని బల్లలు పెడతారు. వారందరూ మోసగాళ్లని నేను అనను. అయితే అమ్మకమే వారి జీవనాధారమని మరువకండి. పరీక్ష చేసే వ్యక్తికి భారతీయ పునరావాస మండలి నమోదు సంఖ్య ఉన్నదా అని అడగండి. అది 1992 నాటి చట్టం కోరుతున్న అర్హత. ఆడియోగ్రామ్ ప్రతిని చేతికి తీసుకోండి. చెవి వైద్యుడు చూడక ముందు యంత్రం కొనకండి. మధ్యచెవి లోపానికి మందుతోనో, శస్త్రచికిత్సతోనో వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉండగా వేల రూపాయలు పోసి యంత్రం కొనుక్కున్నవారు ఉన్నారు. శస్త్రచికిత్స అవసరమైతే, అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. పుట్టు చెవుడు ఉన్న పసివారికి కాక్లియర్ ఇంప్లాంటు ఈ పథకంలోనూ, కేంద్రం వారి అడిప్ పథకంలోనూ ఉన్నది. దానికి వయోపరిమితి ఉన్నందున ఒక్కొక్క నెల ఆలస్యమూ బిడ్డకు నష్టమే. అడిప్ కింద ఆదాయ పరిమితికి లోబడి వినికిడి యంత్రాలు కూడా ఇస్తారు.

యంత్రం వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. కళ్లజోడు పెట్టుకోగానే కనబడినట్లు, యంత్రం పెట్టుకోగానే మాట స్పష్టం కాదు. మెదడు అలవాటు పడడానికి వారాలు పడుతుంది. రెండు మూడుసార్లు సరిచేయించుకోవాలి. నాలుగు రోజులు పెట్టి, గోల భరించలేక బీరువాలో దాచిన యంత్రాలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

ఇక చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 నుండి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మాంద్యం, 70 దాటితే బధిరత్వం. లోపం 40 శాతం అని నిర్ధారణ అయినవారికి ప్రభుత్వోద్యోగాల రిజర్వేషన్ వంటి సౌకర్యాలు వర్తిస్తాయి. మన రాష్ట్రంలో 2024 నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. సచివాలయంలో సదరం స్లాటు నమోదు చేసుకొని, ఆడియోగ్రామ్, బెరా కాగితాలతో వెళ్లాలి. ఆ కాగితాలను ఆస్తి పత్రాల వలె భద్రపరచండి. పునఃపరిశీలన వచ్చిన రోజున అవే మీ సాక్షులు. ఈ చట్టంలో ఒక కొరత కూడా ఉన్నది. రెండు చెవులలో 55 డెసిబెల్స్ లోపం ఉన్న దర్జీకి ఖాతాదారు మాట వినబడదు. కాని చట్టం లెక్కలో ఆయన వికలాంగుడు కాడు. ఒక చెవి పూర్తిగా పోయినవానిదీ అదే గతి. ఇటువంటి వారికి ధ్రువపత్రంతో నిమిత్తం లేకుండా చౌకగా యంత్రాలు ఇవ్వాలని మనం అడగాలి.

మన సముదాయానికి ప్రత్యేకించి రెండు కోరికలు ఉన్నాయి. వినికిడి పరీక్షలో మాటలు పలికి, తిరిగి చెప్పమనే భాగం ఒకటి ఉంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే వృద్ధురాలికి అలవాటులేని మాటలతో పరీక్ష పెడితే ఫలితం తప్పుతుంది. నూర్ బాషీయుల ఇళ్లలో తెలుగే మాతృభాష. వారికి ఉర్దూ అక్కరలేదు. పేరు చూసి భాషను ఊహించవద్దని, రోగినే అడగమని సిబ్బందికి మనవి చేద్దాం. రెండవది, చెవి పరీక్షకు ముసుగు కొంత తొలగించక తప్పదు. తెర, తోడుగా ఒక మహిళా సిబ్బంది ఉంటే ఎందరో తల్లులు సంకోచం లేకుండా వస్తారు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇది ముస్లిముల సమస్య మాత్రమే కాదు. నరసాపురం లేసు అల్లికలకు ప్రపంచమంతటా పేరున్నది. మరియా మీస్ 1982లో ఈ లేసు అల్లేవారి మీద ఒక గ్రంథమే రాశారు. వారిని శ్రామికులుగా గాక ఇంట్లో తీరికగా కూర్చున్న గృహిణులుగా లెక్కించడం వల్ల జరిగే అన్యాయాన్ని ఆమె చూపారు. శ్రామికులుగా లెక్కలోకి రానివారికి ఈఎస్ఐ చీటీ ఉండదు, ఆసుపత్రి ఉండదు. మన షెడ్డు కుర్రవానిదీ, లేసు అల్లే ఆ చెల్లెలిదీ ఒకటే స్థితి. కనుక ఈ కోరికను ఇరుగుపొరుగు వారందరితో కలసి అడుగుదాం.

చివరగా ఈ సభ ముందు మూడు పనులు ఉంచుతున్నాను. ఒకటి: ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో చెవి చీము కారే పిల్లల, మాట రాని పిల్లల, వినబడని వృద్ధుల జాబితా రాసి ఆశా కార్యకర్తకు ఇవ్వాలి. రెండు: మన మండలంలోని ఏయే ఆసుపత్రులలో ఆడియోమీటరు ఉన్నది, అది పని చేస్తున్నదా, నడిపే మనిషి ఉన్నాడా అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయాలి. ముప్పై రోజులలో వ్రాతపూర్వకమైన జవాబు రావాలి. మూడు: ఆ జవాబును పట్టుకొని, వారానికి ఒక నిర్ణీత దినాన నరసాపురంలోనే వినికిడి పరీక్ష జరిపించమని భీమవరం వెళ్లి కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలి. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. ఆ నాటికి ఈ మూడు పనులలో ఎంతవరకు వచ్చామో మళ్లీ కూర్చొని లెక్క చూసుకుందాం.