కరగని లోహం మండదా?



పిల్లలను చూడటానికి మనలో చాలామందిమి విమానం ఎక్కుతున్నాం. "ఇంజనులో అంత మంట ఉంటే లోహం కరిగిపోదా?" అని అడిగేవారున్నారు. మంట ఉన్న చోటు సంగతి అలా ఉంచి, మంటే లేని చోటు గురించి మనవి చేస్తాను. అది ఇంజను ముందు భాగంలో గాలిని అదిమి లోపలికి పంపే కంప్రెసర్.

అక్కడి బ్లేడ్లకు ఎక్కువగా టైటానియం మిశ్రమాలు వాడతారు. టైటానియం ఉక్కు కంటే సుమారు 40 శాతం తేలిక. అది కరగాలంటే 1,668 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నికెల్‌కు 1,455 చాలు. అయినా అంటుకునే భయం టైటానియానికే ఎక్కువ. అది కరగకముందే మండగలదు!

కారణం మన ఆడవారికి తెలిసిందే. స్టీలు గిన్నెలో పాలు సెగ తగిలిన చోటే అడుగంటుతాయి. రాగి అడుగున్న గిన్నెలో వేడి సర్దుకుంటుంది. టైటానియం స్టీలు గిన్నె వంటిది. తిరిగే బ్లేడు పక్క భాగానికి రాసుకుంటే పుట్టిన వేడి అక్కడే నిలిచిపోతుంది. పైగా ఒత్తిడితో వీచే గాలి కొలిమి తిత్తిలా పనిచేస్తుంది. అంటుకుంటే అంతా సెకన్లలో జరిగిపోతుంది. ఆర్పే వ్యవధి ఉండదు. కనుక అంటుకోకుండా చూడటమే మార్గం.

అందుకే తిరిగే బ్లేడ్లు టైటానియంతో చేసినా, వాటి పక్కన కదలకుండా ఉండే భాగాలను ఉక్కుతోనో, నికెల్ మిశ్రమాలతోనో చేస్తారు. ఈ జాగ్రత్తలపై అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. 1983లో సూచనలిచ్చింది. ప్రాట్ అండ్ విట్నీ సంస్థ టైటానియంలో 35 శాతం వెనేడియం, 15 శాతం క్రోమియం కలిపి, సులభంగా మండని మిశ్రమాన్ని తయారుచేసి, ఎఫ్-22 యుద్ధవిమానపు ఇంజనులో వాడింది. మన హైదరాబాదులో 1973లో ఏర్పడిన మిధాని కూడా టైటానియం, నికెల్ మిశ్రమాలు రెండూ తయారుచేస్తుంది.

ఆఫీసులో ఎవరిని ఏ సీటులో, ఎవరి పక్కన కూర్చోబెట్టాలో తెలిసిన అధికారి దగ్గర పని సాఫీగా సాగేది. లోహాల సంగతీ అంతే. ఆ పొందిక చూసే ఇంజను కడతారు కనుక, మీరు నిశ్చింతగా విమానం ఎక్కి మనుమలను చూసి రండి.