బడిసంచిలో సెల్‌ఫోను

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు చేసిన ప్రసంగ పాఠం)



బడికి సెల్‌ఫోను తేవచ్చునా, తేరాదా అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని సెక్రెటరీగారు ఆజ్ఞాపించారు. ముప్పై యేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి గనుక "తేరాదు" అని ఒక్క మాట చెప్పి కూర్చోవచ్చు. కాని అంత సులువుగా తేలే విషయం కాదిది. నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి ముందు మనవి చేసుకుంటాను.

మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి సంచిలో, లెక్కల క్లాసు జరుగుతుండగా ఫోను మోగింది. రూలు ప్రకారం దాన్ని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "మీ నాన్నను తీసుకురా, అప్పుడిస్తాను" అన్నాను. అది ఆ పిల్ల ఫోను కాదు. ఇంటికంతకూ ఉన్నది అదొక్కటే. తల్లి మిషను మీద బట్టలు కుట్టేది, కుట్టుపని కబుర్లన్నీ దానికే వచ్చేవి. స్పెషల్ క్లాసులయ్యేసరికి చీకటి పడుతున్నదని, బస్సు తప్పితే పక్కింటికి చేసి చెప్పమని తల్లే ఇచ్చి పంపింది. ఇవేవీ నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. ఆయనకు బదులు చిన్నాన్న వచ్చాడు. "ఆడపిల్ల దగ్గర ఫోను దొరికింది" అన్న మాట ఇంటికి చేరేసరికి ఏ రూపు దాల్చి ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. పరీక్షలు రెండు నెలలున్నాయి.

రెండుసార్లు ఇంటికి పోయాను. వరండాలో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, "చదివింది చాలు సార్" అని మర్యాదగానే పంపేశారు. మూడోసారి మా ఉర్దూ టీచరమ్మను వెంటబెట్టుకుని పోయాను. ఆమె లోపలికి పోయి తల్లితో, దాదీతో గంటసేపు మాట్లాడింది. బయట నేను ఆ చిన్నాన్నతో, "తప్పు నాది భాయ్, పిల్లది కాదు" అన్నాను. ఇరవై రెండు రోజుల తరువాత పిల్ల తిరిగి వచ్చింది. పరీక్ష రాసి పాసయింది కూడా.

ఇక రూళ్ళ సంగతి. ఇది మన ఊరి గొడవే కాదు. ఫ్రాన్సు దేశం 2018లో చట్టం చేసి చిన్నబడుల నుంచి దాదాపు పదిహేనేళ్ళ పిల్లల దాకా బడిలో ఫోను వాడకం నిషేధించింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో పిల్లలు బడికి ఫోను తేరాదని ఉత్తర్వు ఇచ్చింది, ఉపాధ్యాయులకు కూడా తరగతి గదిలో కట్టడి పెట్టింది. (రెండోది నాకు మరీ నచ్చింది.) 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు మరో మాట అన్నది. పూర్తి నిషేధం కుదిరే పని కాదు, వీలైన చోట బడికి రాగానే ఫోను అప్పగించే ఏర్పాటు ఉండాలి, క్లాసులో వాడరాదు, రూళ్ళు చేసేటప్పుడు తల్లిదండ్రులను కూడా సంప్రదించాలి అని.

రూలు వల్ల లాభం లేదనను. ఇంగ్లండులో నాలుగు నగరాల 91 హైస్కూళ్ళ ఫలితాలు చూసి 2015లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు తేల్చినదేమంటే, ఫోను మానిపించిన బడుల్లో ఎక్కువ బాగుపడ్డది చదువులో వెనుకబడ్డ పిల్లలే. మన వాడల పిల్లలు ఎందరో ఆ కోవలోని వారే గదా! అయితే అదే దేశంలో 30 బడులను పరిశీలించి 2025లో అచ్చువేసిన మరో పరిశోధన, బడిలో కట్టడి చేసినంత మాత్రాన పిల్లల మనసు కుదుటపడినట్టు గాని, రోజంతా మీద ఫోను వాడకం తగ్గినట్టు గాని కనబడలేదన్నది. పగలు మిగిల్చినది రాత్రి ఇంట్లో వాడుతున్నారన్నమాట. అక్కడ హెడ్మాస్టరు ఏం చేయగలడు?

ఇంకొకటి. 2020లో బడులు మూతపడినప్పుడు "పిల్లలకు ఫోను కొనివ్వండి" అని చెప్పింది మేమే. అప్పు చేసి కొన్నవాళ్ళున్నారు. ఇప్పుడదే ఫోను చూసి పిల్లను దోషిగా నిలబెడితే న్యాయమేనా?

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలుండాలి. మనవాళ్ళు సంతకం పెట్టి వచ్చేస్తారు. ఈసారి కూర్చుని అడుగుదాం. రూలు కాగితం మీద తెలుగులో, ఉర్దూలో రాసి ఇవ్వమందాం. పొద్దున తీసుకున్న ఫోను సాయంత్రం తిరిగి ఇవ్వాలి. తండ్రే రావాలన్న షరతు తీసేసి, తల్లి వచ్చినా ఇవ్వాలి. స్పెషల్ క్లాసులున్నన్నాళ్ళు ఆఫీసు ఫోను నుంచి ఇంటికి కబురు చేసే వీలుండాలి. అన్నిటికంటే ముందు, పిల్ల మాట విన్న తరువాతే ఇంటికి చెప్పాలి.

అర్జీ చిత్తుప్రతి నా దగ్గర ఉన్నది. భోజనాలయ్యాక చదివి, దిద్దవలసినవి దిద్ది, తల్లులు కూడా సంతకాలు చేస్తే సోమవారం నాడు బడికి తీసుకుపోతాను.