పల్లిపాడు ఆశ్రమము - పాత యింటిని నిలుపుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు గ్రంథములను గూర్చి మాటాడుట మర్యాద. నేను మాత్రము ఒక యింటిని గూర్చి మాటాడ నెంచితిని. కారణము కడపట మనవి చేసెదను.

నెల్లూరికి తూర్పున, ఇందుకూరుపేట మండలమున, పెన్న యొడ్డున పల్లిపాడు అను గ్రామము కలదు. అచ్చటనున్నది పినాకినీ సత్యాగ్రహాశ్రమము. 2022లో మన చిల్లకూరు మండలము తిరుపతి జిల్లాలో చేరినది గాని, అంతమాత్రమున పల్లిపాడు మనకు పరాయిది కాలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున 20 లక్షల రాట్నములు సమకూర్చవలెనని తీర్మానించినది. ఆ తీర్మానము జరిగి వారము తిరుగకమునుపే, ఏప్రిల్ 7వ తేదీన, గాంధీ మహాత్ముడు వచ్చి పల్లిపాటి ఆశ్రమమును ప్రారంభించెను.

ఆ యిల్లు ఒక్కరు కట్టినది కాదు. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు పూనుకొని స్థాపించిరి. పొణకా కనకమ్మగారు 13 ఎకరముల భూమి నిచ్చిరి. 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పినదియు ఆ తల్లియే. భవనమునకు 10,000 రూపాయలిచ్చినవాడు దక్షిణాఫ్రికాయందలి పారశీక వర్తకుడు రుస్తుంజీ. 1897 జనవరిలో దర్బను వీధిలో తెల్లవారి గుంపు గాంధీపై పడి కొట్టినపుడు, ఆయనకు తన యింట తావిచ్చిన మహనీయుడీతడే. సముద్రముల కావల ఒక యింట దొరకిన యాశ్రయము, పెన్న యొడ్డున మరియొక యిల్లై వెలసినది!

అచ్చట నూలు వడికిరి, ఖద్దరు నేసిరి, అంటరానితనమును పారద్రోలుటకు పాటుపడిరి. కాలక్రమమున రాట్నముల సద్దణగినది, కట్టడములు పాడువడినవి. పిమ్మట భారత రెడ్ క్రాస్ సంఘపు నెల్లూరు శాఖవారు ఆ తావును చేపట్టి, పోషణభారమును వహించిరి. ఇంటికి మరల మనుష్యుల యలికిడి కలిగినది. పాత యింటికి మొదటి మరమ్మతు అదియే. మసలువారు లేని యింటికి ఎంత సున్నము పూసినను నిలువదు.

ఇక రెండవ మరమ్మతు. ఇందు నా తప్పును ఒప్పుకొనవలసియున్నది. మా తాతగారి యిల్లు ఇటుకకు సున్నపు అడుసు పెట్టి కట్టినది. గోడ అడుగున కొంత పెచ్చులూడగా, గట్టిగానుండునని తలచి నేను సిమెంటు పూయించితిని. నాలుగు వానకాలములు గడచునప్పటికి పూత నిక్షేపముగానున్నది, లోపలి ఇటుక పిండియైనది! తరువాత ఒక ముదుసలి మేస్త్రి కారణము చెప్పెను. నేలలోని తేమ గోడలోనికి ఎక్కును. సున్నపు పూతయైనచో ఆ తేమను బయటికి పోనిచ్చును. సిమెంటు దానిని బంధించును. మన తీరపు చెమ్మలో ఉప్పు కలదు. ఆ యుప్పు ఇటుకలో గడ్డకట్టి దానిని పగులగొట్టును. కావుననే పెద్దలు గుల్లసున్నమును ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి పూసెడివారు. మెత్తని గోడకు మెత్తని పూతయే రక్ష. ఆ మాట నా చెవి సోకునప్పటికి మా యిల్లు నేలమట్టమైనది. తాతగారి కాగితములును దానితోనే పోయినవి.

ఇప్పుడు కారణము మనవి చేసెదను. ఈ గ్రంథాలయము తొలుత నడచిన చిన్నగదిని కూల్చి, ఆ చోట అంగళ్లు కట్టి బాడుగకీయవలెనని కొందరు మిత్రులు తలచుచున్నారు. వారి తలపు దురుద్దేశము కాదు. పుస్తకములకు డబ్బు కావలెను. మనకు 13 ఎకరములిచ్చు కనకమ్మగారు లేరు, దర్బను వర్తకుడును లేడు. అయినను ఆ గదికి కావలసినది పదివేల యెకరముల మాన్యము కాదు. పైకప్పు కారకుండ చూచుట, చూరునీరు గోడమొదట నిలువకుండ కాలువ తీయుట, ఊడినచోట సున్నమే పూయుట, ఇంతే. ఆపై ప్రతి సాయంకాలము పిల్లలను అచ్చట కూర్చుండబెట్టి చదివించుట.

ఒకవేళ కూల్చుటకే సభ నిశ్చయించినచో, నాదొక్కటే ప్రార్థన. ముందు ఛాయాచిత్రములు తీయుడు, కొలతలు వ్రాసికొనుడు, తొలినాళ్ల చందాపుస్తకమును పదిలపరచుడు, ఆ గదిలో అక్షరములు దిద్దినవారి మాటలను వ్రాయించుడు. నేను చేయని పనిని మీరు చేయుడు.

పల్లిపాడు వెళ్లిరండు. పెన్న గాలికి ఆ వసారాలో ఒక గడియ కూర్చుండి వచ్చిన పిమ్మట, మన గదిని గూర్చి నిర్ణయింపుడు. నేను తొందరపడితిని, మీరు తొందరపడకుందురు గాక.