కారు బీడింగ్ పీకడం, మళ్లీ అంటించడం: తొందరపడితే పోయేది మన జీతమే

పోయిన సెలవు రోజు షార్జాలో మన వాళ్లం కూర్చున్నప్పుడు గ్యారేజీ పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం అవే మాటలు ఇక్కడ పెడుతున్నాం.

నేను ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్లు. మొదటి ఏడాది హెల్పర్‌ని. ఒక తెల్ల కారు డోరుకు సైడ్ బీడింగ్ మార్చమన్నారు. ఎట్లా చేయాలో నాకు తెలియదు, అడగడానికి మొహమాటం. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి లేపిన. బీడింగ్‌తో పాటు బొటనవేలంత పెయింట్ లేచి వచ్చింది. డోరు మొత్తానికి మళ్లీ పెయింట్ కొట్టి, ఆ ఖర్చు నా జీతంలో కోశారు. రెండు నెలలు ఇంటికి సగమే పంపిన. అమ్మ అడిగితే "ఓవర్‌టైం లేదమ్మా" అని అబద్ధం చెప్పిన. తెలిసి చేస్తే అది పెద్ద పనేం కాదు. గ్యారేజీ వాళ్లకే కాదు, హౌస్ డ్రైవర్లకు, కార్లు కడిగే తమ్ముళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ముందు ఒకటి గుర్తు పెట్టుకోండి. బీడింగులు, లోగోలు ఎక్కువగా నురగలాంటి డబుల్ టేపుతో అంటించి ఉంటాయి. బలం పెట్టాల్సింది పీకేటప్పుడు కాదు, అంటించేటప్పుడు.

పని మొదలుపెట్టే ముందు: ఫోన్‌తో ఫోటోలు తీయండి. పాత గీతలు, లేచిన పెయింట్ ఉంటే ఫోర్‌మన్‌కో, బండి ఓనర్‌కో అప్పుడే చూపించండి. ఆ ప్యానెల్‌కు ఇదివరకే మళ్లీ పెయింట్ వేసి ఉంటే, ఎంత జాగ్రత్తగా చేసినా లేచే ప్రమాదం ఉందని ముందే చెప్పండి. తర్వాత బండి కడగండి. ఇక్కడి ఇసుక దుమ్ము సందుల్లో ఉంటుంది. కడగకుండా దారం లాగితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. బీడింగ్ పై అంచు వెంట, రెండు చివర్ల దగ్గర మాస్కింగ్ టేపు వేయండి. మళ్లీ పెట్టేటప్పుడు అదే మీకు గుర్తు.

పీకడం: హీట్ గన్ తక్కువ మీద పెట్టి, ఒక్క చోట ఆపకుండా ఆడిస్తూ వేడి చేయండి. హెయిర్ డ్రయ్యర్ అయినా చాలు. పక్కన రేకు మీద చేయి పెట్టి చూడండి, రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేకపోతే వేడి ఎక్కువైనట్టే. తర్వాత గాలానికి వాడే నైలాన్ దారం బీడింగ్ వెనక దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, దారం వేళ్లను కోస్తుంది. ఎక్కడైనా దారం ఆగిపోతే గుంజొద్దు. లోపల క్లిప్పో, పిన్నో ఉండొచ్చు. ముందది చూసుకోండి. లేపడానికి ప్లాస్టిక్ పట్టీనే వాడండి. ఇనుప బ్లేడు, స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు.

మిగిలిన జిగురు: కొంచెం వేడి చేసి బొటనవేలితో రుద్దితే ఉండలు చుట్టుకుని వస్తుంది. రానిదానికి జిగురు తీసే లిక్విడ్ వాడండి, ముందు కనపడని చోట కొంచెం రాసి చూడండి. థిన్నర్ వద్దు, మళ్లీ వేసిన పెయింట్‌ను కరిగించేస్తుంది. పెట్రోలు కూడా వద్దు. డ్రిల్లుకు పెట్టే రబ్బరు చక్రం ఉంటే స్పీడ్ తక్కువ పెట్టి కదుపుతూ ఉండండి. ఒక్క చోట ఆగితే పెయింట్ కాలుతుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి శుభ్రమైన గుడ్డతో తుడవండి. దీనికి మంట అంటుకుంటుంది కాబట్టి హీట్ గన్ ఆపి దూరం పెట్టాకే సీసా మూత తీయండి.

అంటించడం: కారుకు వాడే డబుల్ టేపే కొనండి, పాతది ఎంత మందం ఉందో అంతే మందం. టేపును సాగదీసి వేయొద్దు. సాగిన టేపు మళ్లీ ముడుచుకుని చివర్లు లేపుతుంది. పెయింట్ లేని నల్ల ప్లాస్టిక్ అయితే దాని మీద ప్రైమర్ రాయాలి, లేకపోతే టేపు సరిగ్గా పట్టదు. పొడుగు బీడింగ్‌కు రెండు చివర్లలో కాగితం కొంచెం లేపి బయటికి మడవండి. మాస్కింగ్ టేపు గుర్తుకు ఆనించి సరిచూసుకున్నాక మిగిలిన కాగితం మెల్లగా లాగండి. ఒకసారి పట్టిందంటే జరపలేం. ఇప్పుడు పెట్టండి బలం: ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేతితో గట్టిగా నొక్కండి.

ఎండలో మాడిన రేకు మీద అంటించకండి. వేడికి ప్లాస్టిక్ రేకు కంటే ఎక్కువ సాగుతుంది, రాత్రి చల్లబడితే ముడుచుకుంటుంది, చివర్లు లాగేస్తుంది. ఈ టేపుకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య మంచిది. పొద్దున నీడలో చేయండి, రేకు మీద మంచు తడి ఉంటే పూర్తిగా ఆరనివ్వండి. టేపుకు పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు. మూడు రోజులు ప్రెషర్ వాష్ వద్దని కారు ఇచ్చేటప్పుడే చెప్పండి. కడిగే తమ్ముళ్లూ, అంచు లేచిన బీడింగ్ మీద ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టకండి. ఊడితే మాట మీ మీదికే వస్తుంది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి తప్పు జరగొచ్చు. దాచిపెట్టకండి, వెంటనే చెప్పండి, ఫోటో తీసుకోండి. జీతం కోస్తామని కాగితం ఇస్తే, చదవలేని భాషలో ఉంటే సంతకం పెట్టకండి. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, చదివి చెప్పేవాళ్లున్నారు. యూఏఈలో ఉన్నవాళ్లకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342 ఉంది.

చివరగా పాత హెల్పర్లకు ఒక మాట. కొత్తగా వచ్చిన పిల్లవాడికి పని ఒకసారి చేసి చూపించండి. వాడు అడగడు, నేనూ అడగలేదు.